చలికాలంలో డ్రాగన్‌ను చంపడం ఎలా?

నార్వే దేశస్థుడు యోహాన్ అంకర్ 1929లో రూపుగీసిన తెరచాప పడవ డ్రాగన్. పొడవు 8.9 మీటర్లు, బరువు సుమారు 1,700 కిలోలు. అందులో 1,000 కిలోల దాకా అడుగునున్న ఇనుప కీల్‌దే. గాలి ఎంత తోసినా పడవను నిలబెట్టేది అదే. 1948 నుంచి 1972 దాకా ఒలింపిక్స్‌లో పోటీపడింది. 1960లో గ్రీసు యువరాజు కాన్‌స్టాంటైన్ దీనిమీదే స్వర్ణం గెలిచాడు. ఇలాంటి పాత చెక్క పడవను పాడుచేయాలంటే సముద్రానికి తరాలు పడుతుంది. యజమాని తలచుకుంటే ఒక చలికాలం, ఒక ట్రైలర్ చాలు. బాల్టిక్ తీరంలో క్రేన్ పడవను ఒడ్డుకు దించగానే పని మొదలుపెట్టండి.

1. వెచ్చగా పడుకోబెట్టండి. పాపం, వేసవంతా చన్నీళ్ళలో నానింది. హీటరున్న షెడ్డులోకి తోయండి. తేమ ఆరేకొద్దీ పలకలు ముడుచుకుంటాయి, అతుకులు విచ్చుకుంటాయి. మార్చి నాటికి లోపల కూర్చునే బయటి వాతావరణం చూడొచ్చు. పక్కాయన హీటరు లేని మట్టినేల షెడ్డులో పెట్టాడా? పిసినారి అనుకోండి. నేల తేమ అతని పలకలను ఆరనివ్వదన్న ఆలోచన దగ్గరికి రానివ్వకండి.

2. ఊపిరాడకుండా కట్టేయండి. షెడ్డు దొరక్కపోతే ప్లాస్టిక్ పట్టా కప్పండి. ముందూ వెనకా గాలాడే సందు వదలమని పెద్దవాళ్ళు చెబుతారు, వినకండి. లోపలి చెమ్మ పట్టాకు పట్టి, చుక్కలై డెక్ మీద పడితే బూజు, దాని వెనకే కుళ్ళు వాటంతటవే వస్తాయి. అడుగున నిలిచిన వాననీటిని తోడకండి. గడ్డకట్టే నీరు దాదాపు 9 శాతం ఉబ్బి, సందులను పైసా తీసుకోకుండా వెడల్పు చేస్తుంది. తాళ్ళు వదులుగా ఉంచితే పట్టా గాలికి కొట్టుకుంటూ వార్నిష్ కూడా గీకిపెడుతుంది.

3. బరువు తప్పుడు చోట మోపండి. పడవ కీల్ మీద కూర్చోవాలి. పక్కనున్న మెత్తలు ఒరగకుండా పట్టుకోవడానికే. మీరు మాత్రం మెత్తల మరలు ఓపికున్నంత మేర బిగించండి. వసంతానికల్లా పడవకు అంకర్ గీయని వంపులు వస్తాయి.

4. ట్రైలర్‌ను మరిచిపోండి. చక్రాలకు దిమ్మలు అడ్డుపెట్టి హ్యాండ్‌బ్రేకు వదిలేయడం చాదస్తం. బ్రేకు లాగి చలికాలమంతా ఉంచితే లోపలి లైనర్లు తుప్పుతో డ్రమ్ములను కరుచుకుంటాయి. బేరింగులకు గ్రీజు దండగ. అవి ఎండాయో లేదో హైవే మీద పొగే చెబుతుంది. టైర్ల పగుళ్ళు గోడవైపు ఉండేలా చూసుకోండి.

5. దర్జాగా లాక్కెళ్ళండి. తెరచాపలు, లంగరు, పనిముట్లు అన్నీ వెనకే పేర్చండి. కారు కొక్కెం మీద బరువు తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. అప్పుడు వేగం పెంచండి. జర్మనీలో ట్రైలర్ లాగే కార్లకు మామూలు హద్దు గంటకు 80 కిలోమీటర్లు. అది తొందర లేనివాళ్ళ కోసం. విప్పి పైన పడుకోబెట్టిన తెరచాప కొయ్య పడవకన్నా పొడవు. వెనక్కి పొడుచుకొచ్చిన కొసకు ఎర్రగుడ్డ కట్టకండి. వెనకవాడికి కళ్ళు లేవా?

6. దించేసి భోజనానికి వెళ్ళండి. ఆరిన పలకలు నీళ్ళు తాగి, ఉబ్బి, అతుకులు మూసుకోవడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. అందాకా క్రేన్ పట్టీల్లోనే వేలాడదీసి, పంపు పెట్టుకుని కాపలా కాసేవాళ్ళున్నారు. మీరు పట్టీలు విప్పించి వెళ్ళిపోండి. మిగతాది ఆ 1,000 కిలోల ఇనుము చూసుకుంటుంది.

ఫైబర్‌గ్లాస్ డ్రాగన్ ఉన్నవాళ్ళు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మొదటిదీ చివరిదీ తప్ప మిగతా సూత్రాలన్నీ వారికీ వర్తిస్తాయి.