తరుగు పోను మా బావ

మా బావకు కంబదూరులో ఎరువుల అంగడి. సీజన్లో శెనక్కాయలు కూడా కొంటాడు. మట్టికింత, తేమకింత, పొల్లు కాయలకింత అని తరుగు తీయడం ఆయన వృత్తిధర్మం. ఆ ధర్మాన్ని సొంత ఒంటికి కూడా వర్తింపజేసిన వర్తకుడు నాకు తెలిసి మా బావ ఒక్కడే. తెల్లారగానే అంగట్లో మూటలు తూచే కాటా మీదికెక్కి నిలబడతాడు. అది 94 చూపిస్తుంది. సెల్‌ఫోను, తాళాల గుత్తి, లుంగీ, మొలతాడు, లేవగానే తాగిన రెండు చెంబుల నీళ్ళు, అన్నిటికీ కలిపి అయిదు కేజీలు తరుగు తీసి 89 అని రాసుకుంటాడు. “నిన్నా ఇంతే గదా బావా?” అంటే, “నిన్న నీళ్ళు ఒగ చెంబే తాగింటి” అంటాడు.

ఈ బాపతు మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. ఉగాదికి నడక మొదలుపెడతాడు. సంక్రాంతికి సైకిలు కొంటాడు. మధ్యలో ఎప్పుడో జొన్నరొట్టె తప్ప ఇంకేమీ ముట్టనని ఒట్టేసి, రొట్టెలోకి నెయ్యి అడుగుతాడు. వ్యాయామం అంటే ఆయనకు అంతులేని గౌరవం. అందుకే దానికి ముందు దండిగా తింటాడు, తరవాత ఇంకాస్త దండిగా తింటాడు. మా బావ నడక మానేసిన కారణం కూడా గౌరవప్రదమైనదే. పొద్దున్నే రోడ్డెక్కితే ఎదురొచ్చిన ప్రతి రైతూ ఆపి, యూరియా లోడు ఎప్పుడొస్తుందని అడుగుతాడు. పాత శివాలయం దాకా సాగాల్సిన నడక ఉగ్గాని బండి కాడ నిలిచిపోతుంది. నిలబడి మాట్లాడేటప్పుడు చేతులు ఊరికే ఉంటే ఏం బాగుంటుంది? ఒక చేతిలో ప్లేటు, ఒక చేతిలో మిరపకాయ బజ్జి.

యూరియా అంటే గుర్తొచ్చింది. 2018లో ప్రభుత్వం యూరియా మూటను 50 కేజీల నుంచి 45కు తగ్గించింది. ఆ అంగట్లో ఇన్నేళ్ళలో బరువు తగ్గింది అదొక్కటే.

పోయినేడు కళ్యాణదుర్గంలో డాక్టరు టేపు తీసి నడుము కొలిచాడు. “మన దేశంలో మగవాళ్ళకి నడుము 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాల. షుగరూ బీపీ అక్కణ్ణుంచే చూస్తుంటాయి. మీది 112” అన్నాడు. బావ బయటికొచ్చి చెప్పులేసుకుంటూ, “సెంటీమీటర్లలో కొలిస్తే ఎవురికైనా ఎక్కువే వస్తాది. అంగుళాల్లో సూడు, నలభై నాలుగే” అని తనను తాను ఓదార్చుకున్నాడు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టినట్టు లేదు. మా మేనకోడలు అప్పుడు బళ్ళో కరాటే నేర్చుకుంటోంది. సమగ్ర శిక్ష కింద సర్కారు బడుల్లో ఆడపిల్లలకి మూడు నెలలు ఆత్మరక్షణ నేర్పే పథకం ఉంది గదా, రాణి లక్ష్మీబాయి పేరు మీద, అదే. ఆ పిల్ల వరండాలో కాళ్ళూ చేతులూ విసురుతుంటే మంచం మీంచి చూసిన బావకు జ్ఞానోదయమైంది. సన్నబడాలి సరే, ఉత్తినే ఎందుకు సన్నబడాలి? నలుగుర్ని తన్నడం నేర్చుకుని మరీ సన్నబడొచ్చు గదా!

నిజానికి ఈ జబ్బు పాతదే. మా దిక్కు కరాటే అంటే జపాను కాదు, సుమన్. ఆయన తరవాత భానుచందర్. 1999లో ‘తమ్ముడు’ వచ్చినప్పుడు బావకు పెళ్ళి కాలేదు. కిక్‌బాక్సింగ్ సినిమా చూసొచ్చిన ఊపులో పెరట్లో నాపబండను పిడికిలితో పగలగొట్టబోయి, నెల్లాళ్ళు ఎడమచేత్తో సంగటి తిన్నాడు. బండ ఇప్పటికీ ఉంది. మా అక్క దాని మీదే బట్టలుతుకుతుంది.

ఈసారి విద్యను ఎంచుకోవడానికే ఒక ఎండాకాలం పట్టింది. మొదట జూడో అనుకున్నాడు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో పెట్టిన ఆర్డీటీ సంస్థకు అనంతపురంలో ఒక క్రీడాగ్రామం ఉంది, అక్కడ పల్లెల పిల్లలు జూడో నేర్చుకుంటారు. పోయి చూసొచ్చాడు. జూడోలో మొదటి పాఠం పడటం. తల లోపలికి ముడుచుకుని, వీపు ఆనే క్షణంలో అరచేత్తో చాపను చరుస్తూ పడాలి. “పడేది కూడా నేర్చుకోవాల్నా? మన అంగడి మెట్ల మీద ఊరికే పడతాం గదా” అని లేచొచ్చేశాడు. తరవాత తైక్వాండో. ఒలింపిక్స్‌లో మగవాళ్ళకి నాలుగు తరగతులు: 58 కేజీలు, 68, 80, ఆపైన 80 దాటినవాళ్ళంతా ఒక్కటే. “పైన హద్దే లేదంటబ్బా!” అని మురిసిపోయాడు గానీ, నేర్పేవాళ్ళు దగ్గర్లో దొరకలేదు. చివరికి కళ్యాణదుర్గం నుంచి వారానికి మూడుసార్లు బండి మీద వచ్చే ఒక కరాటే మాస్టరు దగ్గర, పన్నెండేళ్ళ పిల్లల వరసలో చివరన, తెల్లడ్రెస్సుతో నిలబడ్డాడు.

ఆ రోజు నుంచి అంగట్లో భాష మారింది. రైతు నమస్కారం పెడితే బావ పిడికిళ్ళు తొడలకానించి, నడుము వంచి, “ఓస్” అంటాడు. బేరం దగ్గర పట్టు బిగిస్తే కడుపులోంచి “కియాయ్” అని ఒక్క అరుపు. కొందరు భయపడి అడిగిన రేటుకే కొన్నారంటాడు. నాకు తెలిసి ఎదురంగడికి పోయినవాళ్ళే ఎక్కువ.

ఒకనాడు పొద్దున నేనూ పోయి చూశాను. పిల్లలంతా కిబా దాచి వేసి ఉన్నారు. కాళ్ళు బాగా ఎడం పెట్టి, గుర్రమెక్కినట్టు మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా పెట్టి కదలకుండా ఉండాలి. మాస్టరు “ఇచి, ని, సన్, షి” అని నింపాదిగా లెక్కపెడుతున్నాడు. మూడో అంకెకు బావ తొడలు వణకడం మొదలైంది. ముక్కు కొస నుంచి చెమట బొట్లు ఎర్రమట్టిలో పడి గుంటలు చేస్తున్నాయి. ఆరో అంకెకు మోకాళ్ళు మెల్లగా లేచి, గుర్రం దిగి, మామూలు మనిషై నిలబడ్డాడు. “మాస్టరూ, ఈ లెక్క తెలుగులో చెప్తే బిరీన అయిపోతాదేమో” అన్నాడు. పిల్లలు నవ్వారు, గుర్రాలు కూలాయి, మాస్టరు మళ్ళీ ఇచి నుంచి మొదలుపెట్టాడు.

అసలు కథ చిట్టా పుస్తకంలో ఉంది. కరాటే గట్టిగా చేస్తే, ఊరికే కూచున్నప్పుడు ఖర్చయ్యే శక్తికి పదింతలు ఖర్చవుతుందని ఎక్కడో చదివాడు. ఆ లెక్కన 94 కేజీల మనిషికి గంటకు 940 కేలరీలు. కేజీ కొవ్వు కరగాలంటే దాదాపు 7,700. అంటే ఎనిమిది రోజులకొక కేజీ. వారానికి మూడు రోజులే క్లాసన్న సంగతి పక్కన పెట్టి, “వచ్చే ఉగాదికి నేను యాభై కేజీలే. గుడ్డలన్నీ మల్లా కుట్టించుకోవాల” అని ఇంట్లో ప్రకటించాడు. మా అక్క సంగటి గెలుకుతూ, “ఆమీద ఇంగో యాడాది పోతే ఆరు కేజీలయితావు. అప్పుడు సంకనేసుకొని తిరుగుతాలే” అంది.

ఆ 940 గంటసేపు ఆపకుండా ఎగిరి తన్నేవాళ్ళ లెక్క. బావ గంటలో హాజరుకు కొంత, వంగి దండం పెట్టడానికి కొంత, ఊడిన బెల్టు కట్టుకోవడానికి ఇంకొంత, తన వంతు వచ్చేదాకా నిలబడటానికి మిగతాది పోతుంది. చిట్టాలో మాత్రం జమ వైపు నిండుగా 940 పడుతుంది. జమ పడ్డాక ఖర్చు రాయకుంటే పుస్తకం అందంగా ఉండదు. అందుకని క్లాసు నుంచి నేరుగా ఉగ్గాని బండికి. “కష్టపడినాం గదా” అనేది ఆయన మంత్రం. మధ్యాహ్నం సంగటిలోకి ఊరుబిండి. సాయంత్రం అంగట్లో బేరం చూస్తూ, శాంపిలు అనే పేరుతో గుప్పెడు గుప్పెడు శెనగ్గింజలు. వంద గ్రాముల గింజల్లో 560కి పైగా కేలరీలుంటాయని నేనంటే, “అది మన పంట. సొంత పంటకు లెక్కేంది?” అన్నాడు. శాంపిలు చిట్టాలోకి ఎక్కదు, కాబట్టి కడుపులోకీ ఎక్కదని ఆయన నమ్మకం.

చెమట పట్టిందంటే తినే హక్కు పుట్టిందనుకోవడమే ఈ జాతి లక్షణం. అది మా బావతో మొదలైంది కాదు, ఆయనతో పోయేదీ కాదు. కరాటే పుట్టింది ఒకినావా దీవిలో. అక్కడివాడైన ఫునకోషి గిచిన్ 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చాకే అది జపానంతా పాకింది. అదే దీవిలో పెద్దలు భోజనానికి కూర్చునే ముందు ఇంకో మాట చెప్పుకుంటారు: కడుపు పదింట ఎనిమిది పాళ్ళు నిండగానే లేచిపో, అని. ఒకే దీవి రెండు విద్యలిచ్చింది. బావ కాళ్ళకు సంబంధించిన విద్య తెచ్చుకుని, కడుపుకు సంబంధించింది అక్కడే వదిలేశాడు. ఈ సంగతి చెబితే కాసేపు ఆలోచించి, “నాకు ఎనిమిది పాళ్ళు ఎప్పుడు నిండేదీ తెల్లేదు బామ్మర్దీ. పది నిండినాకే తెలుస్తాది” అన్నాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. నాకూ అంతే.

అవ్వకు ఈ వ్యవహారమంతా వింత. “మీ తాత గరిడీలో సాము చేసేటోడు. పీర్ల పండక్కి కర్ర తిప్పితే ఊరంతా సూసేది. సన్నబడేదానికి కాదురా నాయనా. తినేదానికి లేక అప్పుటికే సన్నంగా ఉండ్రి. ఒళ్ళు సేయాలని సేసిరి” అంటుంది. 1952 కరువులో గంజి కేంద్రం ముందు చెంబు పట్టుకుని నిలబడిన మనిషి ఆవిడ. పైసలిచ్చి ఒళ్ళు తగ్గించుకునే మనవణ్ణి చూస్తే ఆవిడకు నవ్వాలో దిష్టి తీయాలో తెలియదు. బావకు మాత్రం ఇందులోనూ ఆధారం దొరికింది. “సూస్తివా? ఛాతీ మీద ఏనుగునెక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు సన్నగున్న్యాడా?” అన్నాడు. నాయుడిగారు ఏనుగును మోశారు, నిజమే. బావ మోస్తున్నది బావనే.

ఇప్పుడు నా పాత బాకీ. మొన్న మా పెదనాన్న మనవరాలి పెళ్ళిలో, విస్తరి ముందు కూర్చున్న నన్ను, ఇరువైపుల వాళ్ళూ చూస్తుండగా పొట్టలో వేలితో పొడిచి, “కోర్ లేదు బామ్మర్దీ నీకు” అన్నాడు. అలా అన్న నోట్లో మూడో ఓలిగ ఉంది. అందుకే బెల్టు సంగతి బయటపెడుతున్నాను.

రంగుల బెల్టులను 1930ల్లో పారిస్‌లో జూడో నేర్పిన కవాయిషి వ్యాప్తిలోకి తెచ్చాడంటారు. నల్లబెల్టు దాకా ఆగే ఓపిక ఐరోపావాళ్ళకు ఉండదని, మధ్యలో పసుపనీ ఆకుపచ్చనీ తాయిలాలు పెట్టాడట. ఆయన కంబదూరు రాకపోయినా మా బావ మనసు ఎరిగినవాడు. ఈ బెల్టులో ఒక కిటుకుంది. నడుము చుట్టూ రెండు చుట్లు తిరిగి, ముడి పడ్డాక రెండు కొసలు వేలాడతాయి. నడుము ఒక అంగుళం తగ్గితే రెండు చుట్లకూ కలిపి రెండు అంగుళాలు మిగులుతుంది, ఒక్కో కొసా అంగుళం పొడుగవుతుంది. తరుగు తీయడానికి వీల్లేని కాటా అది. బావ తెల్లబెల్టుకు ముడి పడ్డాక కొసలు జానెడైనా ఉండేవి కావు. ఎవరైనా అడిగితే, ఆరో నెలలో బరువు ఒక్కసారిగా దిగుతుందని చెప్పేవాడు. మా సీమలో మబ్బు పట్టినట్టే, అందరూ తలెత్తి చూసేవాళ్ళు, ఏమీ పడేది కాదు.

పరీక్ష పాసై పసుపు బెల్టు కట్టిన రోజు మాత్రం కొసలు మోకాళ్ళను తాకుతున్నాయి. బావ ఆ డ్రెస్సులోనే అంగడి తెరిచాడు. వచ్చినవాళ్ళందరికీ కొసలు పట్టి చూపించాడు. నేను ఇంటికి పోయినప్పుడు బెల్టు దండెం మీద ఆరుతోంది. కొసన కుట్టిన చిన్న గుడ్డముక్క మీద 7 అని ఉంది. పక్కనే పాత తెల్లబెల్టు, దాని మీద 5. మాస్టరు మంచివాడు, రెండు సైజులు పెద్దది తెప్పించాడు. “బావా, ఈ ఏడేంది?” అన్నాను. కన్నార్పకుండా, “ఏడో క్యూ. జపానులో ర్యాంకు అట్లనే రాస్తారు” అన్నాడు.

అయినా నిజం నిజంగానే చెప్పాలి. కాటా మీద పెద్ద మార్పు లేదు గానీ, మొన్న డాక్టరు టేపు 109 చూపించింది. మూడు సెంటీమీటర్లు. 50 కేజీల డీఏపీ మూటను హమాలీ కోసం చూడకుండా తానే లేపుతున్నాడు. పంక్తిలో నేల మీద కూర్చుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేస్తున్నాడు. మేనకోడలు స్కూలు మానినా మానకపోయినా, ఈయన క్లాసు మానడం లేదు. మొదట్లో కాలెత్తి తంతే నా పిక్క దగ్గర ఆగిపోయేది. ఇప్పుడు మోకాలు దాటి తొడ దాకా వస్తోంది.

ఇది అచ్చయ్యాక బావ చదువుతాడు, నన్ను తన్నడానికి వస్తాడు. ఆ తన్ను నా ఛాతీకి తగిలిందంటే మాత్రం నాకు రెండు సంతోషాలు: డాక్టరు చెప్పిన తొంభై దగ్గర పడినట్టు, నా ఓలిగల బాకీ తీరినట్టు. ఎందుకైనా మంచిదని జూడోవాళ్ళ మొదటి పాఠం, ఆ పడే పాఠం, నేను ఇప్పటి నుంచే నేర్చుకుంటున్నాను.