హాజరు పట్టీలో ఉత్పలమాల

హైస్కూల్లో తెలుగు మాస్టారిని గుర్తుపట్టడం తేలిక. స్టాఫ్ రూములో ఎవరి ముందు పరాయివాళ్ల పెళ్లి శుభలేఖ చిత్తుప్రతి ఉందో ఆయనే. హెడ్మాస్టారి రిటైర్మెంటుకు సన్మానపత్రం, ఎమ్మెల్యే వస్తే స్వాగత వచనాలు, ఆగస్టు 15న మైకు, పక్కింటి మనవరాలికి పేరు, అన్నీ ఆయన నెత్తినే. ఆయన చేతిలో పడితే ఎవరైనా సరే మృదుభాషి, స్నేహశీలి. ఈల వినపడగానే బడంతా వణికే డ్రిల్లు మాస్టారు కూడా పోయినేడు మృదుభాషిగానే రిటైరయ్యారు. ఇదేమిటండీ అంటే, "ఛందస్సు కుదరొద్దూ!" అన్నారు. పత్రం ఉన్నది వచనంలో.

ఇంత గిరాకీ ఉన్న మనిషికి సొంత పీరియడ్ మీద మాత్రం హక్కు లేదు. సంక్రాంతి సెలవులు అయిపోతే చాలు, లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడతారు. "మీది తెలుగేగా మాస్టారూ, ఈ గంట నాకిచ్చెయ్యండి, సిలబస్ మిగిలిపోయింది." ఈయన ఇచ్చేస్తారు. ఇచ్చేసి స్టాఫ్ రూములో కూర్చుని బందరు హైస్కూలును తలుచుకుంటారు. అక్కడ తెలుగు చెప్పింది చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి. ఆ బెంచీల మీంచి లేచినవాడు విశ్వనాథ సత్యనారాయణ, 1970 జ్ఞానపీఠం ఆయనదే. "ఆ వేళ లెక్కలాయన వచ్చి చెళ్లపిళ్ల వారి పీరియడ్ అడుక్కుపోయుంటే జ్ఞానపీఠం ఏమయ్యేదండీ?" అని సైన్సు టీచరమ్మను నిలదీస్తారు. పాపం, ఆవిడ కూడా పీరియడ్ అడగడానికే వచ్చింది.

మిగిలిన గంటల్లో ఆయన ప్రయోగాలు చేస్తారు. ఒకసారి తొమ్మిదో తరగతిలో అష్టావధానం పెట్టారు. ఎనిమిదిమంది పృచ్ఛకులు కావాలన్నారు. సమస్య ఇవ్వడానికి ఒక్కరూ లేవలేదు. దత్తపది అంటే తలలు వంచుకున్నారు. అప్రస్తుత ప్రసంగమంటే నడుస్తున్న పనికి అడ్డంగా సంబంధం లేని మాట వేయడమని చెప్పగానే క్లాసంతా చేతులెత్తింది. అనుభవం ఉన్న శాఖ మరి! ఘంటాగణనం కోసం అటెండరు దగ్గర బడిగంట తెచ్చి ఒకడి చేతికిచ్చారు. వాడు ఉత్సాహం పట్టలేక వాయించేసరికి ఆరో తరగతి సంచులు తగిలించుకుని గేటు దాటింది. హెడ్మాస్టారు ఆ రోజు మృదుభాషిగా లేరు.

అయినా ఆయన ఘనకార్యం అది కాదు, ఉత్పలమాల. భ ర న భ భ ర వ అని ఎన్నిసార్లు వల్లె వేయించినా పిల్లలకు పట్టుబడలేదు. ఒకనాడు హాజరు పిలుస్తూ పిలుస్తూ ఆయన ఆగిపోయారు. కళ్లు మెరిశాయి. ఏడుగురిని లేపి వరసగా నిలబెట్టారు: మాధవి, శ్రీనివాస్, కవిత, మాలతి, శ్రీలత, వెంకటేష్, రమేష్. గురువుకు చప్పట్లు, లఘువుకు చిటికెలు వేయించారు. ఇరవై అక్షరాలు, నిక్షేపంలాంటి ఉత్పలమాల పాదం! మొదటి అక్షరం మాధవిలో మా, పదో అక్షరం మాలతిలో మా. యతి కూడా కుదిరింది. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "సార్, శ్రీ సంయుక్తాక్షరం కదా, మాధవిలో వి గురువైపోదా?" అన్నాడు. కొడతారేమోనని అందరం అనుకుంటాం గానీ ఆయన జేబులోని పెన్ను తీసి వాడికిచ్చేశారు. "వేర్వేరు పదాల్రా! ఒకరి బరువు ఇంకొకరి మీద పడదు."

అప్పట్నుంచి ఆ ఏడుగురికీ జ్వరం వచ్చే స్వేచ్ఛ పోయింది. వెంకటేష్ మేనమామ పెళ్లికి వెళితే రగణం లోపించిందని కబురు పంపారు. మాలతి వాళ్ల నాన్నకు బదిలీ అయి టీసీ కోసం వచ్చినప్పుడు, సంతకం పెట్టాల్సిన హెడ్మాస్టారి కంటే ఈయనే ఎక్కువ బతిమాలారు. "మధ్యలో తీసుకుపోతే యతిభంగమండీ!" ఆ తండ్రి అది ఫీజు బకాయి అనుకుని పర్సు తీశాడు.

అర్ధసంవత్సర పరీక్షలో ఉత్పలమాల గణాలు రాయమంటే ఒక కుర్రాడు భ ర న జోలికి పోకుండా ఆ ఏడు పేర్లూ వరస తప్పకుండా రాసి వచ్చాడు. నిబంధన ప్రకారం మాస్టారు సున్నా వేసి, మనసొప్పక కొట్టేసి, అరమార్కు ఇచ్చారు. గణాలు సరిపోయాయి, యతి సరిపోయింది. నన్నడిగితే పూర్తి మార్కులు వెయ్యాల్సింది.