స్నానాలగది పడమటి గోడను

హనుమకొండలో ఒక ఇంటి స్నానాలగదికి పడమటి గోడను నేను. తొమ్మిదంగుళాల ఇటుక, రెండువైపులా సిమెంటు గిలాబు, లోపల తలుపెత్తు వరకు టైల్స్. నాలో చెమ్మ కనిపిస్తే పైపు కారుతోందనో, వాన దిగుతోందనో అంటారు. రెండూ నిజం కావచ్చు. చెమ్మకు గాలిలోంచి వచ్చే మూడో దారి కూడా ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోనందువల్లే నాకు చేసే వైద్యం చాలాసార్లు గురి తప్పుతుంది. 30 డిగ్రీల గాలి ఘనమీటరుకు సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. అదే గాలి 15 డిగ్రీలకు దిగితే 13 గ్రాములే పడుతుంది, మిగిలింది నీరుగా రాలాల్సిందే. డిసెంబరు తెల్లవారుజాముకు ఇక్కడి చలి నన్ను రాత్రంతా చల్లబరిచి ఉంచుతుంది. గీజరు నీళ్లతో ఇంటిల్లిపాదీ వరుసగా స్నానాలు చేస్తే గది నిండిన ఆవిరి నన్ను తాకినచోట నీళ్లవుతుంది. టైల్స్ మీదిది జారిపోతుంది. ఆ పైన, కప్పు మూలన, గిలాబు దాన్ని పీల్చుకుంటుంది. నల్లటి బూజు అక్కడే ముందు మొలవడానికి కారణం ఇదే.

తడిసిన కొద్దీ నేను ఇంకా చల్లబడతాను. ఇటుకలోని సన్నని రంధ్రాల్లో గాలి ఉన్నంతకాలం వేడి నాగుండా మెల్లగా దాటుతుంది. కదలని గాలికన్నా నీరు ఇరవై రెట్లకు మించి వేడిని మోస్తుంది కనుక, నీరు చేరిన ఇటుక వెచ్చదనాన్ని నిలుపుకోలేదు. (పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి శిఖరపు ఇటుకలు నీళ్లమీద తేలేదీ రంధ్రాల్లోని గాలి వల్లే. అక్కడ అవసరం బరువు తగ్గించడం. గాలి విలువ మాత్రం ఒక్కటే.) ఇటుక వెచ్చగా, పొడిగా ఉండాలంటే నాకు వేడిని ఆపే తొడుగు బయటివైపు కావాలి. థర్మోకోల్ లాంటి గట్టి పలకలు బయట అంటించి, జాలీ వేసి గిలాబు చేస్తే ఇటుక గది వెచ్చదనంలోనే ఉంటుంది. లోపల అంటిస్తే పని తేలికే. కాని అప్పుడు గదిలోని వేడి నాదాకా రాదు, ఆవిరి మాత్రం సందుల్లోంచి దూరి పలక వెనక, కంటికి కనబడనిచోట నీరవుతుంది.

ఇక్కడ చలి రెండు నెలలే కదా, ఇంత ఖర్చెందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చలి ఒక్కటే అయితే ఈ తొడుగు నేనూ అడగను. వేసవిలో 40 డిగ్రీలు దాటిన ఎండ పొద్దుగూకే దాకా కాల్చేది పడమటి గోడనే, ఆ వేడినీ ఈ తొడుగే ఆపుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలదా అంటే, ముందు అదే పెట్టాలి, స్నానం ముగిశాక కూడా కాసేపు తిరగనివ్వాలి. అయితే వానాకాలంలో బయటి గాలే చెమ్మగా ఉంటుంది, పైగా ఫ్యాను నా చల్లదనాన్ని తగ్గించలేదు. తొడుగుకు ముందు కారే పైపులు, టైల్స్ సందులు, బయటి గిలాబులో నెర్రెలు బాగుచేయాలి, నన్ను పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉండగా కప్పితే ఆ తడిని నాలోనే బంధించినట్టు. మార్చిలో నెర్రెలు పూడ్చి, ఏప్రిల్ ఎండకు ఆరబెట్టి, మే చివరికల్లా పలకలు అంటిస్తే జూన్ మబ్బులు వచ్చేసరికి పైగిలాబు గట్టిపడి ఉంటుంది.