జీడిపప్పు దొంగకి చప్పట్లు

నాటకం రాసింది నేను. హీరో వేషం వేసింది నేను. చప్పట్లు మాత్రం పరమాన్నం గిన్నె దగ్గర నిలబడ్డ అప్పలకొండకి పడ్డాయి.

ఇది విజయనగరంలో, మా వీధి వినాయక చవితి పందిట్లో జరిగింది. ఆ ఏడు ఆర్కెస్ట్రావాళ్లు అడిగిన మొత్తం విని కమిటీవాళ్లకి ఒక్కసారిగా నాటక కళ మీద ప్రేమ పుట్టింది. నేరుగా నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, మీరేదో రాస్తూ ఉంటారట కదా" అన్నారు. నేను మాస్టారిని కాను. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాను. కానీ మా వీధిలో కళ్లజోడు పెట్టుకుని అరుగు మీద పుస్తకం పట్టుకున్న ప్రతివాడూ మాస్టారే.

పదిహేను రోజులు కూర్చుని 'ఆదర్శజ్యోతి' రాశాను. అందులో హీరో సత్యమూర్తి. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాడు. కాఫీ ముట్టడు. అప్పు చెయ్యడు, ఇచ్చిన అప్పు తిరిగి అడగడు. ఎట్టి పరిస్థితిలోనూ అబద్ధమాడడు. భార్య వండిన కూరలో ఉప్పు లేకపోయినా అమృతంలా ఉందంటాడు.

"అది అబద్ధం కదండీ?" అంది మా ఆవిడ, వంకాయలు తరుగుతూనే.

నేను వినపడనట్టు పేజీ తిప్పాను. ఇన్ని సుగుణాలున్న మనిషిని జనం నెత్తిన పెట్టుకోరా అని నా ధీమా.

అప్పలకొండ వేషం మా వీధి చివర ఆటో నడిపే కుర్రాడికి ఇచ్చాం. సత్యమూర్తి కూతురి పెళ్లిలో వంటవాడు. మొత్తం మూడు మాటలు. ఆ మూడింట్లో రెండు "చిత్తం బాబూ". రిహార్సల్లో ఆ కుర్రాడు తల గోక్కుంటూ, "బాబూ, మీరు అంతసేపు సెప్తుంటే నా సేతులేటి సెయ్యాల?" అని అడిగాడు. "నీ ఇష్టం వచ్చింది చేసుకో" అన్నాను. ఏ రచయితా అనకూడని మాట అది.

నాటకం రోజు రెండో రంగంలో నేను ముందుకొచ్చి నిజాయితీ గురించి మాట్లాడటం మొదలుపెట్టాను. నా వెనక పరమాన్నం గిన్నె. దాని పక్కన జీడిపప్పు డబ్బా. కమిటీ లెక్కల్లో అది జీడిపప్పు, డబ్బాలో ఉన్నవి వేరుశనగ గుళ్లు. మూడో వాక్యానికే పందిట్లో నవ్వులు. నిజాయితీలో ఇంత హాస్యముందా అని ఆశ్చర్యపోయినా, జనానికి నచ్చింది కదా అని కాస్త పెంచాను. నవ్వులూ పెరిగాయి. అనుమానమొచ్చి వెనక్కి తిరిగితే అప్పలకొండ మహాభక్తితో గరిటె తిప్పుతున్నాడు. మళ్లీ ఇటు తిరిగాను. ఈసారి ఈలలు.

తర్వాత తెలిసింది. నేను ఇటు తిరగ్గానే వాడు గుప్పెడు పప్పు నోట్లో వేసుకుని, జనం వైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుంటున్నాడట. నన్ను కలవరపెట్టింది అది కాదు. నేను మరోసారి వెనక్కి తిరగబోయేసరికి ముందు వరసలో కూర్చున్న పిల్లలంతా ఒక్క గొంతుతో, "అన్నా, తిరుగుతున్నాడు!" అని అరిచారు. పిల్లలే అనుకున్నాను. చూస్తే వాళ్ల వెనక కమిటీ ప్రెసిడెంటు గారు కూడా చెయ్యి ఊపి వాణ్ణి హెచ్చరిస్తున్నారు. ఆ పప్పుకి చందా ఇచ్చింది ఆయనే.

నాలుగో రంగంలో సత్యమూర్తి ఆస్తంతా పోగొట్టుకుని, అయినా సత్యం తప్పక ప్రాణం విడిచాడు. నేను స్టేజీ మీద ఒంటికన్ను తెరిచి చూశాను. ఒకావిడ పిల్లాడి బూట్లు వెతుక్కుంటోంది. కమిటీవారి స్టీలు క్యారేజీ బహుమతి అప్పలకొండకి వెళ్లింది.

ఆ రాత్రి నిద్ర పట్టక షెల్ఫులోంచి 'కన్యాశుల్కం' తీశాను. నాకు బాధ కలిగినప్పుడల్లా ఆ పుస్తకం తీసే అలవాటుంది. మా ఊరి నాటకమే అది. 1892లో మొదటిసారి ఆడింది ఇక్కడే. 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేశారు. ఇన్నేళ్లయినా గిరీశం పేరు చెబితే తెలుగువాడి మొహం వెలుగుతుంది. ఏం చేశాడని? అప్పులు ఎగ్గొట్టాడు. పిల్లాడికి చదువు చెబుతానని చుట్ట కాల్చడం నేర్పాడు. అన్నం పెట్టిన పూటకూళ్లమ్మని మోసం చేశాడు. ఆవిడ చీపురుకట్ట పట్టుకొస్తే మధురవాణి ఇంట్లో మంచం కింద దూరాడు. అదే నాటకంలో సౌజన్యారావు పంతులనే మచ్చలేని వకీలు ఉన్నాడు. మా సత్యమూర్తికి వరసకి అన్నగారు. ఆయన్ని మనం గౌరవిస్తాం, కుర్చీ వేస్తాం. ఆయన వేషం వేస్తానని పోటీ పడ్డవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు. 1955లో సినిమా తీస్తే రామారావు గారు వేసిందీ గిరీశమే.

"మనకి దొంగలంటే ఇష్టం కాబోలు" అన్నాను పొద్దున్నే, కాఫీ దగ్గర.

"మొన్న మన చెప్పులు పోతే ఆ దొంగని మీరు మెచ్చుకోలేదే?" అంది మా ఆవిడ. "దొంగ కాదండీ. అప్పలకొండ మాకు చెప్పి తిన్నాడు. మీ సత్యమూర్తి దగ్గర మాకు చెప్పడానికేమీ లేదు. లోపలా అదే, బయటా అదే. ఇక మేమెందుకు కూర్చోవాలి?"

ఆ మాటతో నా బుర్రలో ట్యూబులైటు వెలిగింది. మా ఇంటి ట్యూబులైటులాగే నాలుగుసార్లు కొట్టుకుని వెలిగింది. గిరీశం ఊరందరినీ మోసం చేస్తాడు, మనల్ని తప్ప. తెర లేవగానే మా కోట దగ్గరి బొంకులదిబ్బ మీద ఒంటరిగా నిలబడి తన అప్పుల గోలంతా మనకి విప్పి చెబుతాడు. శిష్యుడు వెంకటేశం రాగానే దొరబాబైపోతాడు. వాడు నమ్ముతుంటే మనం నవ్వుకుంటాం. ఆ క్షణం నుంచి మనం ప్రేక్షకులం కాదు, తోడుదొంగలం. ఇక వాడు పట్టుబడితే మన పరువు పోయినట్టే.

ఈ తాళంచెవితో తెరిస్తే చాలా తలుపులు తెరుచుకున్నాయి. 'మిస్సమ్మ'లో రావు, మేరీ ఇద్దరూ మంచివాళ్లే. బడిలో ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలమని జమీందారుకి అబద్ధం చెప్పారు. ఆ గుట్టు మనకి తెలుసు కాబట్టి, వాళ్లు ఒకరి మీద ఒకరు విసుక్కున్నప్పుడల్లా మనకి గుండె దడ. అబద్ధం లేకుండా అప్పాపురంలో పాఠాలు చెప్పుకుని ఉంటే ఆ సినిమా విద్యాశాఖవారికి పనికొచ్చేది. 1957లో వచ్చిన 'మాయాబజార్' చూడండి. పెళ్లిపీటల మీద ఉన్నది శశిరేఖ కాదని, ఆ చీర చాటున ఘటోత్కచుడున్నాడని మనకి తెలుసు. సావిత్రి నడకలో ఎస్వీ రంగారావు తొంగిచూస్తుంటే రేలంగికి తెలీదు, కౌరవులకి తెలీదు. హస్తినాపురానికే తెలియనిది అయిదణాల టికెట్టు కొన్నవాడికి తెలిసిందంటే వాడికి ఎంత గర్వం!

మొక్కపాటి వారి బారిస్టరు పార్వతీశానిది ఇంకో పద్ధతి. 1924లో మొదటి భాగం వచ్చింది. మొగల్తూరు నుంచి సీమకి బయల్దేరిన ఆ మహానుభావుడు అడుగడుగునా దర్జా ఒలకబోస్తూ, ఎక్కడెక్కడ తన పరువు పోయిందో ఆ సంగతులన్నీ తానే మన చెవిలో వేస్తాడు. ఇంకొకరు చెబితే వాడు వెర్రివాడు. తానే చెప్పాడు కనక మనవాడు.

అయితే చెప్పి చేసిన దొంగతనమంతా చెల్లుతుందా అంటే, చెల్లదు. అప్పలకొండ పప్పు తిన్నాడు కాబట్టి పిల్లలు కాపలా కాశారు. పెళ్లికూతురి గొలుసు కాజేసి పెదవి మీద వేలు పెట్టి ఉంటే ఆ పిల్లలే చెప్పు విసిరేవారు. గురజాడకి ఈ హద్దు బాగా తెలుసు. గిరీశం గొప్పలు, అప్పులు, మంచం కింద దాక్కోవడం వరకు మనల్ని పగలబడి నవ్వనిచ్చారు. వాడి మాటలు నమ్మి బుచ్చమ్మ అనే అమాయకురాలు గడప దాటేసరికి మన నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. ఇన్నాళ్లూ ఎవరికి తోడుపోయాం అని మనమే తడుముకుంటాం. ఆఖర్న గిరీశాన్ని ఆ సౌజన్యారావు ముందే నిలబెట్టి నిజం ఒప్పించి, బుచ్చమ్మని చదువుకోడానికి పూనా పంపించారు. ముందే మంచివాణ్ణి మన నెత్తిన కూర్చోబెట్టి ఉంటే ఆ దెబ్బ మనకి తగిలేది కాదు. నేను మొదటి రంగంలోనే కూర్చోబెట్టాను. అందుకే ఆవిడ బూట్లు వెతుక్కుంది.

ఈ ఏడు కమిటీవాళ్లు మళ్లీ వచ్చారు. "మాస్టారూ, అప్పలకొండది రెండో భాగం రాయండి" అన్నారు. కడుపు మండినా, సత్యమూర్తినే బాగుచేద్దామని కూర్చున్నాను. వాడికో గుట్టు కావాలి. చిన్నది, ఎవరి కొంపా ముంచనిది, జనానికి మాత్రమే తెలిసేది. గంటసేపు ఆలోచించినా తట్టలేదు. ఎప్పటిలాగే లేచి 'కన్యాశుల్కం' తీశాను.

ఇక్కడ మీకో మాట చెప్పాలి. రెండేళ్లుగా నాకు షుగరు. డాక్టరు తీపి మానమన్నాడు, మా ఆవిడ మాన్పించింది. 'కన్యాశుల్కం' వెనక, ప్లాస్టిక్కు కవరులో, భీమాళి మామిడి తాండ్ర ఉంటుంది. నాకు బాధ ఎక్కువగా కలుగుతుంటుందని ఇందాకే అన్నాను కదా.

కవరు విప్పాను. నేను దాచింది అరచేతంత చెక్క. లోపల ఉన్నవి గోరంత ముక్కలు, కత్తితో తిన్నగా కోసి, ఒక్కోటీ విడిగా కాగితంలో చుట్టినవి. లెక్కపెట్టాను. ఏడు. వారానికి సరిగ్గా సరిపోతాయి.

వంటింట్లోంచి గిన్నెల చప్పుడు ఆగింది.

"ఏవండీ, గిరీశం ఎంతవరకు వచ్చాడు?" అంది మా ఆవిడ.

"ఇంకా మంచం కిందే ఉన్నాడే" అన్నాను, ముక్క బుగ్గన పెట్టుకుని.