సరంజామారాయుడు

గాలి నింపిన సిలిండరును వీపున మోసుకొని, దానినుంచి ఊపిరి పీల్చుకుంటూ సముద్రగర్భంలో విహరించే స్కూబా డైవింగ్ విద్యను కొత్తగా అభ్యసించినవారిలో రెండు శాఖలు కనిపిస్తాయి: సామగ్రిని అద్దెకు తీసుకొని నీటిలో దిగేవారిది మొదటి శాఖ కాగా, సామగ్రిని కొని ఇంట పేర్చుకొన్న తరువాత నీరు ఎక్కడున్నదా అని వెదికేవారిది రెండవ శాఖ. ఈ రెండవ శాఖీయుని సరంజామారాయుడు అని వ్యవహరించడం సముచితం. ఇతని ప్రధాన ఆవాసం హైదరాబాదు, అనగా ఏ దిక్కుగా బయలుదేరినా కనీసం ఒక పూట ప్రయాణం చేయనిదే సముద్రం కనిపించని పీఠభూమి.

రాయుని అవతరణ సాధారణంగా అండమాన్ దీవులలో జరుగుతుంది. 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ కోర్సును, అంటే 18 మీటర్ల లోతు వరకు దిగడానికి అర్హతనిచ్చే మూడు నాలుగు రోజుల ప్రాథమిక శిక్షణను, పూర్తిచేసేవరకు ఇతడు తొడుక్కున్న ప్రతి వస్తువూ శిక్షణ కేంద్రానిదే. దాని అద్దె చాలాచోట్ల రుసుములోనే కలిసిపోయి ఉంటుంది కనుక అంతవరకు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అయితే లోతులోని పీడనం వల్ల శరీర కణజాలంలో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి వ్యవధి కావాలి కనుక, పలుమార్లు మునిగినవారు కనీసం 18 గంటలపాటు విమానం ఎక్కరాదని నిపుణుల సలహా. దేహరక్షణకై ఏర్పడిన ఈ 18 గంటల విరామంలోనే, చేతిలో ఫోను తప్ప వేరే వ్యాపకం లేని నూతన పట్టభద్రుడు సామగ్రి కేటలాగులను ఆద్యంతం పారాయణ చేసి, అద్దె వస్తువును ధరించడం ఆత్మగౌరవానికి భంగకరమనే నిర్ణయానికి వస్తాడు.

కొనుగోలులో ఇతడు పాటించే క్రమానికి ధరయే ప్రమాణం; అన్నిటికంటే ప్రియమైనది అన్నిటికంటే ముందు ఇంటికి వస్తుంది. సిలిండరులో సుమారు 200 బార్ల ఒత్తిడితో, అనగా భూతలం మీది వాయుపీడనానికి రమారమి 200 రెట్ల ఒత్తిడితో, బంధించిన గాలిని మనిషి పీల్చగల స్థాయికి తగ్గించి నోటికి అందించే యంత్రాన్ని రెగ్యులేటరు అంటారు. 1943లో ఫ్రాన్సులో జాక్ కుస్టో, ఎమిల్ గాన్యాన్ కలిసి రూపొందించిన ఆక్వాలంగ్ పరికరమే దీనికి మూలమని ఇంటికి వచ్చిన బంధువులకు కాఫీ అందేలోపు వివరించే రాయుడు, మంచు గడ్డల అడుగున సైతం బిగుసుకుపోకుండా పనిచేసే రకాన్నే ఏరి కొంటాడు. ఇతడు దిగబోయే సముద్రం ఏడాది పొడవునా గోరువెచ్చగా ఉంటుందన్న సంగతి ఆ ఎంపికను ప్రభావితం చేయదు. తదుపరి బీసీడీ, అనగా గాలిని నింపుతూ వదులుతూ నీటిలో తేలడం, మునగడం, నిలకడగా ఉండడం సాధించే కోటు వస్తుంది. ఆ వెనుకనే శరీరపు వేడిని నిలిపే నియోప్రీన్ రబ్బరు దుస్తు, అంటే వెట్‌సూటు, వస్తుంది. దానిని మే నెలలో నడింట తొడిగి చూసుకొన్న రాయుని అందులోనుంచి వెలికితీయడానికి భార్య, బావమరది ఉభయులూ పూనుకోవలసి వస్తుంది. లోతును, కాలాన్ని లెక్కించి, పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగవలసిన అవసరం రాకుండా ఇంకా ఎన్ని నిమిషాలు అడుగున ఉండవచ్చునో తెలిపే డైవ్ కంప్యూటరును మాత్రం ఇతడు ప్రతిదినం కార్యాలయానికి ధరించి వెళ్తాడు. అక్కడి సమావేశాలలో లోతు సున్నా కనుక అది గడియారంగా మాత్రమే పనిచేస్తుంది.

ఈ వ్యయాన్ని సమర్థించుకొనే గణితం పరిశీలింపదగినది. మొత్తం ధరను వంద మునకలతో భాగించి, వచ్చిన ఫలం ఒక మునకకు పడే అద్దె కంటే తక్కువేనని నిరూపించి, రాయుడు ఆ కాగితాన్ని భార్య ముందుంచుతాడు. భాగహారంలో దోషం లేదు, భాజకంలో ఉంది. ఏడాదికి రెండు యాత్రలు, యాత్రకు నాలుగు మునకల చొప్పున వంద నిండడానికి పన్నెండున్నర సంవత్సరాలు పడుతుంది. రెగ్యులేటరును ఏటా విప్పించి, శుభ్రపరచి, రబ్బరు వలయాలను మార్పించాలని చాలామంది తయారీదారులు సూచిస్తారు కనుక, ఆలోగా అది పన్నెండుసార్లు సర్వీసుకు వెళ్ళి రావలసి ఉంటుంది. నెలనెలా సముద్రంలో దిగేవారి విషయంలో ఇదే లెక్క కొనుగోలు వైపు మొగ్గుతుంది. రాయుడు వారి లెక్కను తన సెలవులకు అన్వయించుకొంటాడు.

అనుభవజ్ఞులు చెప్పే క్రమం దీనికి పూర్తిగా తలకిందులు. ముఖాకృతి ఎవరిది వారిదే కనుక మొదట కొనవలసినది మాస్కు. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చినప్పుడు అది జారిపడక నిలిస్తే సరిపోయినట్లు. తరువాత పాదాలకు సరిపడే ఫిన్లు, ఆపైన కంప్యూటరు, అలవాటు స్థిరపడినదని రుజువైన పిమ్మటనే తక్కినవి. రాయుడు మాత్రం మాస్కు చవక కనుక పరిశోధనకు అర్హం కాదని తలచి, రంగు చూసి, అన్నిటికంటే చివర తెప్పించుకొంటాడు.

ఫలితం మరుసటి యాత్రలో వెల్లడవుతుంది. దేశీయ విమానాలలో సాధారణంగా అనుమతించే 15 కిలోలను సరంజామాయే ఆక్రమించడం వల్ల తల్లి కట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ ఇంట్లోనే ఉండిపోతుంది. నింపిన సిలిండరును విమానంలో అనుమతించరు, సీసపు బరువులను మోసుకొనిపోవడం దండగ. కనుక ఇంతటి స్వయంసమృద్ధుడు కూడా పీల్చే గాలిని, మునిగే బరువును కేంద్రం నుంచే తీసుకొంటాడు. పడవ మీద ఇతడు కొక్కేలను, గొట్టాలను అమర్చుకొంటూ ఉండగానే అద్దె సామగ్రివారు మొదటి మునక ముగించి వచ్చి అరటిపండ్లు తింటూ ఉంటారు. ఎట్టకేలకు నీటిలో దిగిన తరువాత, మాస్కు అంచుకు, పై పెదవికి నడుమ వంశపారంపర్యమైన మీసం అడ్డుపడి నీరు లోనికి ఊరుతుంది. మీసం తీయడానికి ససేమిరా అన్న రాయుడు, కేంద్రంవారి పెట్టెలోనుంచి ఒక పాత మాస్కును అద్దెకు అడుగుతాడు.

యాత్ర ముగిసిన తరువాత సామగ్రి పడకగది అలమారాలో చేరుతుంది, దాని వార్త కార్యాలయమంతటా పాకుతుంది. అండమాన్‌కో, కర్ణాటక తీరంలోని నేత్రాణికో, విశాఖ రుషికొండకో బయలుదేరిన ప్రతి సహోద్యోగీ ముందుగా రాయుని పలకరిస్తాడు. ఇతడు మొహమాటస్తుడు కనుక ఇవ్వననలేడు, స్నేహితుడు కనుక అద్దె అడగలేడు. అరువు సొమ్ములు బరువు చేటు అన్న సామెత అరువు తెచ్చుకొన్నవారిని ఉద్దేశించినది. ఇక్కడ బరువు, చేటు రెండూ ఇచ్చినవాని వంతు, ఉప్పునీరు కడగకుండా తిరిగి వచ్చిన బీసీడీని బాత్‌రూములో నానబెట్టేదీ ఇతడే. ఈ విధంగా రాయుడు ఇంకా పన్నెండవ మునక దగ్గరే ఉండగా, ఇతని సరంజామా వందవ మునకను పూర్తిచేసుకొని భార్య ముందుంచిన లెక్కను అక్షరాలా నిజం చేస్తుంది.