పక్షుల పెత్తందారు

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. విక్టోరియా రాణి కాలపు స్కాట్లాండ్ కొండల్లో ఆ పూజారి ట్వీడ్ కోటు తొడుక్కుని, చంకలో తుపాకీతో తిరిగేవాడు. గేమ్‌కీపర్ అనేవారు. కొండ దొరగారిది. దాని మీది గ్రౌస్ పక్షులు దొరగారివి. ఈయన కాపురముండే ఇల్లు, ఆఖరికి ఒంటిమీది కోటు కూడా ఆయన ఇచ్చినవే. ‘నా కొండ, నా పక్షులు’ అనే మాటలు మాత్రం ఈయన స్వార్జితం. దొరగారు లండన్‌లో ఉన్నన్నాళ్లూ అవి మరీ గట్టిగా వినిపించేవి.

1852లో రాణిగారి భర్త ఆ కొండల్లోనే బాల్మోరల్ ఎస్టేటు కొన్నాక డబ్బున్నవాళ్లందరికీ కొండగాలి మీద మోజు పుట్టింది. 1863లో ఇన్వర్నెస్ దాకా కొండల మీదుగా రైలు పడేసరికి ఆ మోజు తుపాకులతో సహా దిగింది. గ్రౌస్ వేట ఆగస్టు 12న మొదలు. కీపరు ఇంట్లో ఉగాదైనా సంక్రాంతైనా అదే.

ఆయన వృత్తిధర్మం చిన్నది: ఆ పక్షిని దొరగారూ చుట్టాలూ తప్ప ఇంకెవరూ చంపకూడదు. గద్ద, నక్క, అడవిపిల్లి ఆ హద్దు మీరేవి గనక వాటిని చంపి కంచెకు వరసగా వేలాడదీసేవాడు. పనిచేసినట్టు దొరగారికి రుజువు కావాలిగా! ఊళ్లో ఏ ఇంట కూర ఉడికినా ఆయన ముక్కుకు కుందేలు వాసనే తగిలేది. తన పొలంలో కుందేలును కౌలురైతు చంపుకోవచ్చని 1880లో పార్లమెంటు చట్టం చేస్తే, సొంత ఆస్తి జప్తయినంత బాధపడ్డాడు.

ఇంత మొనగాడికీ ఇంట్లో నోరు లేచేది కాదు, ఎందుకంటే అసలు చాకిరీ ఇల్లాలిది. దొరగారి వేటకే పెంచే ఫెజెంట్ పక్షుల గుడ్లను పెంపుడు కోళ్ల కింద పొదిగించి, పిల్లలు బయటికొచ్చాక ఉడికిన కోడిగుడ్డు చిదిమి ఓట్స్ పిండి కలిపి మాటిమాటికీ పెట్టేది. వేటకుక్కలకు కాచే జావలో మాంసం ముక్కలు పడేవి. కన్నబిడ్డలకు ఉప్పేసిన ఓట్స్ జావ.

“అమ్మా, నాకూ గుడ్డు పెట్టవే.”

“నువ్వేమన్నా ఫెజెంట్‌వట్రా?”

వేట రోజుల్లో ఆ పిల్లలే బడి ఎగ్గొట్టి, పొదలు బాది పక్షుల్ని లేపేవాళ్లు. 1872 నుంచి చదువు నిర్బంధమే, కానీ కీపరు ముందు బడిపంతులెంత?

ఇక అతిథుల గురి. అది వాళ్లు వెళ్లేటప్పుడు ఈయన చేతిలో పెట్టే బక్షీసును బట్టి తేలేది. బంగారు నాణెం పడితే, “తమరి గురి అమోఘం, పక్షులే సరిగా ఎగరలేదు.” వెండిదైతే, “ఇవాళ ఎదురుగాలి లెండి.” ఏమీ రాల్చని పెద్దమనిషికి వంగి వంగి దండం పెట్టేవాడు. మరుసటేడు ఆయన్ని గ్రౌస్ అన్నది ఎన్నడూ ఎగరని మూల నిలబెట్టేవాడు.