అటక దిగిన రొట్టె మిషన్

రామచంద్రాపురంలో ఒక ఇంట్లో, వంటగట్టు మీద మిక్సీ పక్కన నా చోటు. ఇంటాయన పాశమైలారంలో షిఫ్టు డ్యూటీకి పోతాడు. పొద్దున్నే ఆయన డబ్బాలోకి బ్రెడ్డు చేసే మిషన్‌ని నేను. మా జాతి 1987లో జపాన్‌లో బజారుకెక్కింది. పిండి పిసికే కిటుకు చిక్కక మత్సుషితా కంపెనీ వాళ్లు ఒసాకాలో ఓ హోటల్ రొట్టెల మేస్త్రీ చేతులు చూసి నేర్చుకున్నారు. చేతి పని చూసి పుట్టినదాన్ని నేను.

ఈ ఇంటికి మే నెలలో వచ్చాను. నాతో వచ్చిన పుస్తకంలో గోరువెచ్చని నీళ్లని ఉందని, ఎండకు కాగిన ట్యాంకు నీళ్లనే కోడలు ఇంకాస్త కాచి, జొన్న రొట్టెకు పోసినట్టు పోసింది. 60 డిగ్రీల వేడికి ఈస్టు బతకదు. మూడున్నర గంటల తర్వాత మూత తీస్తే అడుగున అంగుళం మందాన గట్టి ముద్ద! మర్నాడు చల్లనీళ్లు పోసి, ఈస్టు రెట్టింపు వేసింది. ఆ ఉక్కలో పిండి పొంగి మూతకు తగిలింది, కాలేటప్పుడు నడిమిట్ల కుంగింది. మిషన్ పాడైందన్నారు. రెండేళ్లు అటక మీద ఉన్నాను. చేయని తప్పుకు పడ్డ మాట అది, ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

జహీరాబాద్ దిక్కు నుంచి అత్తమ్మ వచ్చి నన్ను దింపించింది.

"పిండి ముట్టి చూసినవా బిడ్డా?"

"మిషనే పిసుకుతది కదా అత్తమ్మా."

"పిసుకుతది సరే. చూసుడు ఎవరిది?"

పిసకడం మొదలైన పది నిమిషాలకు ఆమె మూత ఎత్తింది. గిర్ని పట్టించిన గోధుమపిండి మైదా కంటే ఎక్కువ నీళ్లు తాగుతుంది. పొడిపిండి గోడలకు అంటుకుని నా మోటారు మూలుగుతోంది. చెంచా చెంచా నీళ్లు పోస్తూ, వేలితో నొక్కుతూ నిలబడింది. ముద్ద చెవితమ్మె అంత మెత్తబడి, గోడలు వదిలి గిర్రున తిరిగింది. అప్పుడు మూత వేసింది. ఆ రోజు బ్రెడ్డు గుమ్మటంలా పొంగింది.

జొన్నపిండి సగం కలిపిన రోజు మాత్రం ఇటుకే వచ్చింది. గోధుమలో సాగే జిగురు జొన్నలో లేదు, ఈస్టు ఊదిన గాలిని అది పట్టి ఉంచలేదు. పటాన్‌చెరులో 1972 నుంచి జొన్న మీద పరిశోధన చేస్తున్న ఇక్రిశాట్ ఇక్కడికి దగ్గరే. ఈ నేల పంట జొన్నే. అందుకే అత్తమ్మ దాన్ని వదల్లేదు. నాలుగో వంతుకు తగ్గించింది. కమ్మగా కుదిరింది.

ఇప్పుడు వేసవిలో ఫ్రిజ్ నీళ్లు పోస్తారు, ఈస్టు కొంచెం తగ్గిస్తారు. ఉప్పు ఒక మూల, ఈస్టు ఇంకో మూల. పిండి పొంగేటప్పుడు కరెంటు పోతే నా లెక్క పోతుంది కానీ పిండికేమీ కాదు. పొంగనిచ్చి, కాల్చే మీట ఒక్కటి నొక్కితే చాలు. కాలాక వెంటనే బయటికి తీయండి, లోపలే ఉంచితే ఆవిరికి పెంకు మెత్తబడుతుంది.

మీ అటక మీద నాలాంటిది ఉంటే దింపండి. పది నిమిషాలకు మూత ఎత్తి పిండి ముట్టి చూడండి.